వాషింగ్టన్ సెమిస్టర్: మన పిల్లలు, తల్లిదండ్రులు మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలు

టెక్సాస్‌లో డిగ్రీ చదువుతూ 2019 స్ప్రింగ్ (జనవరి–మే) సెమిస్టర్ మొత్తం నేను వాషింగ్టన్ డీసీలో ఉన్నాను. పగలు అమెరికా పార్లమెంటు అయిన కాంగ్రెస్‌లో, దాని దిగువ సభ అయిన ప్రతినిధుల సభ సభ్యుడొకరి ఆఫీసులో ఇంటర్న్‌షిప్, సాయంత్రం క్లాసులు. ఆ తర్వాత గుడిలో కలిసినా, పెళ్లిలో కలిసినా మనవాళ్లు అడిగేవి ఇవే సందేహాలు. వాట్సాప్‌లో ఒక్కొక్కరికీ విడిగా టైప్ చేసే బదులు అన్నీ ఒకచోట రాసిపెట్టాను. ఏ ప్రశ్న కావాలంటే నేరుగా దాని దగ్గరికి వెళ్లిపోండి.

## వెళ్లాలా వద్దా అని ఆలోచిస్తున్నప్పుడు

అసలు వాషింగ్టన్ సెమిస్టర్ అంటే ఏమిటి?

మీ యూనివర్సిటీలో ఒక సెమిస్టర్ బదులు, అదే సెమిస్టర్‌ను రాజధానిలో చదవడం. వారంలో మూడు నాలుగు రోజులు, కొన్ని ప్రోగ్రాముల్లో అయిదు రోజులూ ఏదో ఒక ఆఫీసులో ఇంటర్న్‌షిప్ ఉంటుంది. మిగతా సమయంలో ప్రభుత్వం, చట్టసభలు, విదేశాంగ విధానం లాంటి వాటి మీద క్లాసులు. రెండింటికీ క్రెడిట్లు వస్తాయి.

ఇది కొత్తగా పుట్టింది కాదు. అమెరికన్ యూనివర్సిటీ తన వాషింగ్టన్ సెమిస్టర్‌ను 1947లోనే మొదలుపెట్టింది, వేరే కాలేజీల విద్యార్థులను కూడా తీసుకుంటుంది. కాలిఫోర్నియా యూనివర్సిటీ క్యాంపస్‌లన్నిటికీ కలిపి యూసీడీసీ ఉంది. టెక్సాస్ యూనివర్సిటీ సిస్టమ్ విద్యార్థులకు ఆర్చర్ ఫెలోషిప్ ఉంది. కార్నెల్, స్టాన్‌ఫర్డ్‌లకు సొంత సెంటర్లున్నాయి. మీ కాలేజీకి సొంత ప్రోగ్రామ్ లేకపోతే, 1975 నుంచి నడుస్తున్న ది వాషింగ్టన్ సెంటర్‌తో ఒప్పందం ఉందేమో మీ అడ్వైజర్‌ను అడగండి.

మా వాడు కంప్యూటర్ సైన్స్ చదువుతున్నాడు. వాడికి ఈ పాలిటిక్స్ ఎందుకండీ?

నన్ను ఎక్కువమంది అడిగేది ఇదే. మా నాన్నగారు కూడా ఇదే అడిగారు. దీనికి నా జవాబు కొంచెం పొడుగ్గానే ఉంటుంది.

మన ఇళ్లలో ప్రభుత్వం అంటే మెయిల్‌బాక్సులోకి వచ్చే ఒక కవరు. ఐ-797 (ఇమిగ్రేషన్ శాఖ నోటీసు) వచ్చిందా, వీసా బులెటిన్‌లో (గ్రీన్‌కార్డు క్యూ ఎక్కడిదాకా వచ్చిందో చెప్పే నెలవారీ ప్రకటన) డేటు కదిలిందా, ఇంటర్వ్యూ స్లాట్ దొరికిందా అని చూస్తూ పదేళ్లు, పదిహేనేళ్లు గడిపేస్తాం. ఆ కవరు ఎక్కడ పుడుతుంది, దాని వెనక ఉన్న రూలు ఎవరు రాశారు, దాన్ని మార్చమని ఎవరు ఎవరిని అడగాలి అన్నది మాత్రం మనకు తెలియదు. ఉపాధి గ్రీన్‌కార్డుల్లో ఒక్కో దేశానికి 7 శాతం పరిమితి మన కుటుంబాలను ఎంత నలిపేసిందో అందరికీ తెలుసు. ఆ పరిమితిని ఎత్తేసే బిల్లు 2019 జులై 10న ప్రతినిధుల సభలో 365–65 ఓట్లతో నెగ్గింది. 2020 డిసెంబర్‌లో ఎగువ సభ సెనేట్ వేరే రూపంలో ఆమోదించింది. రెండు రూపాలూ ఒకటి కాలేదు కాబట్టి చట్టం కాలేదు. రెండు సభల్లోనూ నెగ్గిన విషయం చట్టం కాకుండా ఎలా ఆగిపోతుందో ఆఫీసులో కూర్చున్నవాళ్లకు నాలుగు నెలల్లో అర్థమవుతుంది.

కోడింగ్ వచ్చినవాళ్లు అక్కడ తక్కువ. కృత్రిమ మేధ మీద, డేటా ప్రైవసీ మీద హియరింగ్ (కమిటీ సాక్షులను పిలిచి వినే విచారణ) జరుగుతుంటే, సాక్షి చెప్పిందాంట్లో ఏది సాధ్యం, ఏది కాదు అని పక్కనుంచి చెప్పగలిగే కుర్రాడికి ఆ ఆఫీసులో మంచి విలువ ఉంటుంది. పంపండి.

మేం సిటిజన్లం కాదు, మాకు ఓటు లేదు. మా అబ్బాయి అక్కడుంటే మాత్రం మమ్మల్ని ఎవరు పట్టించుకుంటారు?

ప్రతినిధుల సభ సీట్లను పంచేది ఓటర్ల సంఖ్యను బట్టి కాదు, జనాభాను బట్టి. రాజ్యాంగం 14వ సవరణ ప్రకారం మనుషులందరినీ లెక్కపెడతారు. హెచ్‌-1బీ వర్క్ వీసా మీద ఉన్న మీరూ ఆ లెక్కలో ఉన్నారు. ఆఫీసులో మేం ఫోన్ ఎత్తితే మొదట అడిగేది జిప్ కోడ్. పౌరసత్వం గురించి అడిగేవాళ్లం కాదు. జిప్ కోడ్ మా నియోజకవర్గంలోదైతే ఆ కాల్ రికార్డులోకి వెళ్తుంది. మనవాళ్లు ఈ ఒక్క విషయం తెలియక ఫోన్ చేయడమే మానేస్తారు.

ఫాల్ (ఆగస్టు–డిసెంబర్) మంచిదా, స్ప్రింగ్ మంచిదా?

కాంగ్రెస్ పని దగ్గరగా చూడాలంటే స్ప్రింగ్. జనవరి నుంచి మే వరకు హియరింగులు, బడ్జెట్, బిల్లులు వరసగా నడుస్తాయి. బేసి సంవత్సరమైతే జనవరి 3న కొత్త కాంగ్రెస్ మొదలవుతుంది, కొత్త సభ్యులు ఆఫీసులు సర్దుకుంటూ ఉంటారు. రెండేళ్లకోసారి వచ్చే ఎన్నికల ఫాల్‌లో అక్టోబర్ మొత్తం సభ్యులు సొంత ఊళ్లలో ప్రచారంలో ఉంటారు, కారిడార్లు ఖాళీగా ఉంటాయి. ఎన్నికల వాతావరణం చూడాలనుకునేవాళ్లకు మాత్రం అదే సరైన సమయం. సుప్రీంకోర్టు వాదనలు అక్టోబర్ మొదటి సోమవారం మొదలై ఏప్రిల్ దాకా సాగుతాయి కాబట్టి ఏ సెమిస్టర్‌లో వెళ్లినా చూడొచ్చు.

డిగ్రీ ఆలస్యం అవుతుందా?

క్రెడిట్లు ముందే మ్యాప్ చేయించుకుంటే కాదు. ఏ క్లాసుకు ఏ అవసరం తీరుతుందో అడ్వైజర్‌తో మెయిల్‌లో రాయించుకోండి, నోటిమాట సరిపోదు. ఇంజినీరింగ్ పిల్లలు ఏడాదికి ఒక్కసారే వచ్చే కోర్ సబ్జెక్ట్ ఆ సెమిస్టర్‌లో పడకుండా చూసుకోవాలి.

## అప్లై చేసేటప్పుడు

ప్రోగ్రామ్‌లో సీటొస్తే ఇంటర్న్‌షిప్ కూడా వాళ్లే ఇప్పిస్తారా?

చాలావరకు లేదు. సలహా ఇస్తారు, పాత విద్యార్థుల పేర్లిస్తారు, రెజ్యూమే దిద్దుతారు. అప్లికేషన్లు పంపేది, ఇంటర్వ్యూకు కూర్చునేది మీరే. కాంగ్రెస్‌లో అందరికీ కలిపి ఒకే అప్లికేషన్ ఉండదు. 435 మంది ప్రతినిధులు, 100 మంది సెనేటర్లు, ఎవరి ఆఫీసు వాళ్లది, ఎవరి గడువు వాళ్లది. సెమిస్టర్‌కు మూడు నాలుగు నెలల ముందే మొదలుపెట్టండి. నేను ఇరవైకి పైగా చోట్ల అప్లై చేస్తే నాలుగింటి నుంచి పిలుపు వచ్చింది. అది మామూలే, నిరాశపడకండి.

కాంగ్రెస్ ఒక్కటేనా, ఇంకెక్కడైనా చేయొచ్చా?

కమిటీలు, ప్రభుత్వ శాఖలు, బ్రూకింగ్స్ లాంటి థింక్ ట్యాంకులు (విధాన పరిశోధన సంస్థలు), పత్రికలు, కోర్టులు, స్వచ్ఛంద సంస్థలు, కంపెనీల తరఫున చట్టసభ్యులను ఒప్పించే కె స్ట్రీట్ లాబీయింగ్ ఫర్మ్‌లు, అన్నీ ఉన్నాయి. మొదటిసారి వెళ్లేవాళ్లకు నా సలహా మాత్రం సొంత ప్రతినిధి ఆఫీసు. థింక్ ట్యాంక్‌లో చదువు బాగా నేర్చుకుంటారు. సభ్యుడి ఆఫీసులో జనాన్ని చూస్తారు. పైగా ఆ ఆఫీసులు సొంత నియోజకవర్గం పిల్లలకే ముందు అవకాశం ఇస్తాయి.

మాకు రాజకీయ అనుభవం ఏమీ లేదు. రెజ్యూమేలో ఏం రాయాలి?

వాళ్లు చూసేది మూడే: తప్పుల్లేకుండా రాయగలరా, ఫోన్‌లో ఓపికగా మాట్లాడగలరా, చెప్పిన పని మర్చిపోకుండా చేస్తారా. తెలుగు బడిలో చిన్నపిల్లలకు పాఠం చెప్పారా? రాయండి. గుడిలో అన్నదానం రోజు వాలంటీర్ల డ్యూటీలు మీరే వేశారా? రాయండి. ఫార్మసీ కౌంటర్లో పార్ట్‌టైమ్ చేసి ఉంటే అది ఇంకా మంచిది, ఎందుకంటే కోపంగా ఉన్న మనిషితో మాట్లాడటం మీకు అలవాటే. తెలుగు వచ్చని తప్పకుండా పెట్టండి. మనవాళ్లు ఎక్కువగా ఉన్న డాలస్, న్యూజెర్సీ, ఉత్తర వర్జీనియా నియోజకవర్గాల ఆఫీసులకు అది నిజంగా పనికొస్తుంది.

పార్టీ చూసుకోవాలా? తర్వాత ముద్ర పడిపోతుందా?

పార్టీ సభ్యత్వం ఎవరూ అడగరు. కానీ సభ్యుడి ఆఫీసులో చేస్తే రెజ్యూమే మీద ఆ పేరు జీవితాంతం ఉంటుంది. ఆయన ఓట్లు చూడండి, మాట్లాడిన మాటలు వినండి. ఫోన్‌లో ఆయన తరఫున రోజంతా మర్యాదగా సమాధానం చెప్పగలను అనిపిస్తేనే వెళ్లండి. అన్నిటికీ ఒప్పుకోవాల్సిన అవసరం లేదు, మనసుకు ముల్లు గుచ్చుకున్నట్టు మాత్రం ఉండకూడదు.

విదేశాంగ శాఖ ఫారంలో ఇండియాలో ఉన్న చుట్టాల పేర్లన్నీ రాయాలా?

సెక్యూరిటీ క్లియరెన్స్ (రహస్య సమాచారం చూడటానికి ప్రభుత్వ అనుమతి) అవసరమైన చోట్ల విదేశాల్లోని బంధువులు, ప్రయాణాలు, నివాసాల గురించి వివరంగా అడుగుతారు. అడిగినంతా నిజంగా రాయాలి. విదేశాల్లో చుట్టాలుండటం తప్పేమీ కాదు, దాచడమే తప్పు. తాతయ్య, అమ్మమ్మల పుట్టినతేదీలు, ఊరి పేర్లు ముందే రాసిపెట్టుకోండి. మనకు ఇంకో చిక్కుంది. ఒకచోట ఇంటిపేరు ముందు, ఒకచోట వెనక, ఒకచోట అసలు పేరే రెండు ముక్కలు. పాస్‌పోర్టులో ఎలా ఉందో అన్నిచోట్లా అలాగే రాయండి. ఈ క్లియరెన్సులకు నెలలు పడుతుంది కాబట్టి ఆ గడువులు మిగతా వాటికంటే చాలా ముందుంటాయి.

## వీసా, పౌరసత్వం

ఎఫ్‌-1 (విద్యార్థి వీసా) మీద ఉన్నాను. నాకు కుదురుతుందా?

కుదురుతుంది, కానీ పద్ధతిగా చేయాలి. సాధారణంగా ఒక పూర్తి విద్యాసంవత్సరం చదివాకే సీపీటీ (చదువులో భాగంగా పనిచేసే అనుమతి) ఇస్తారు. ఇంటర్న్‌షిప్ మీ కోర్సులో భాగమై ఉండాలి. మొదటి రోజు ఆఫీసులో అడుగుపెట్టకముందే డీఎస్‌ఓ (విదేశీ విద్యార్థుల వ్యవహారాలు చూసే యూనివర్సిటీ అధికారి) దాన్ని మీ ఐ-20 (ఎఫ్‌-1 అర్హత పత్రం) మీద నమోదు చేయాలి. ఒక్కరోజు ముందు పనిలో చేరినా స్టేటస్‌కే ప్రమాదం. ఫుల్‌టైమ్ సీపీటీ 12 నెలలు నిండితే ఓపీటీ (డిగ్రీ తర్వాత పనిచేసే అనుమతి) పోతుందని చాలామందికి టెన్షన్. ఒక సెమిస్టర్ అంటే నాలుగు నెలలే, దానివల్ల ఓపీటీ పోదు.

ఐ-20 ఇచ్చిన యూనివర్సిటీయే నడిపే ప్రోగ్రామ్ అయితే పని సులువు. వేరే యూనివర్సిటీ ప్రోగ్రామ్ అయితే ఆ సెమిస్టర్ నమోదు ఎక్కడ చూపిస్తారో డీఎస్‌ఓతో ముందే తేల్చుకోండి.

వైట్‌హౌస్, విదేశాంగ శాఖ ఇంటర్న్‌షిప్‌లు అమెరికా పౌరులకే. మిగతా ఫెడరల్ శాఖల్లో కూడా దాదాపు అంతే. కాంగ్రెస్ ఆఫీసుల్లో ప్రభుత్వ సొమ్ముతో జీతం ఇవ్వడానికి పౌరసత్వ నిబంధనలున్నాయి, అందుకని ఇంటర్వ్యూ దాకా ఆగకుండా మొదటి మెయిల్‌లోనే మీ స్టేటస్ చెప్పేయండి. ఎఫ్‌-1 పిల్లలకు ఎక్కువగా దారి దొరికేది థింక్ ట్యాంకులు, స్వచ్ఛంద సంస్థలు, మీడియాలో.

మా అమ్మాయి హెచ్‌-4 (హెచ్‌-1బీ వాళ్ల కుటుంబ సభ్యుల వీసా). ఇక్కడే పెరిగింది. తను వెళ్లొచ్చా?

ఈ ప్రశ్న వచ్చినప్పుడల్లా నాకు బాధగా ఉంటుంది. కిండర్‌గార్టెన్ నుంచి ప్రతి ఉదయం జెండాకు ప్లెడ్జ్ చెప్పిన పిల్ల ఆ జెండా కింద ఉన్న ఆఫీసులో పనిచేయాలంటే ఇన్ని అడ్డంకులు.

హెచ్‌-4 మీద చదువుకోవచ్చు, ఉద్యోగం చేయకూడదు. హెచ్‌-4 ఈఏడీ (పనిచేసే అనుమతి) అనేది కొందరు జీవిత భాగస్వాములకే, పిల్లలకు లేదు. జీతం లేని ఇంటర్న్‌షిప్ అయినా, అది మామూలుగా జీతం ఇచ్చి చేయించుకునే పనైతే ఉద్యోగంగానే లెక్క కావచ్చు. ఇమిగ్రేషన్ లాయర్‌ను అడగకుండా ఒప్పుకోకండి. 21 ఏళ్లు నిండితే డిపెండెంట్ హోదా పోతుంది. అందుకే చాలామంది ముందే ఎఫ్‌-1కు మారతారు. మారే ఆలోచన ఉంటే ఆ మార్పు పూర్తయ్యాక వచ్చే సెమిస్టర్‌ను వాషింగ్టన్‌కు పెట్టుకోండి. రెండూ ఒకేసారి పెట్టుకుంటే ఏదీ సరిగా జరగదు.

గ్రీన్‌కార్డ్ ఉంది. సరిపోతుందా?

ప్రైవేటు, స్వచ్ఛంద సంస్థల్లో ఏ ఇబ్బందీ లేదు. కాంగ్రెస్‌లో జీతమిచ్చే ఇంటర్న్‌షిప్‌లకు, పౌరసత్వం తీసుకునే దారిలో ఉన్న గ్రీన్‌కార్డ్ వాళ్లకు కొంత వెసులుబాటు ఉంది, ఆఫీసు వాళ్లు ఒక డిక్లరేషన్ అడగొచ్చు. వైట్‌హౌస్ మాత్రం పౌరులకే.

## డబ్బు, ఇల్లు, తిండి

జీతం ఇస్తారా, ఊరికే చేయించుకుంటారా?

చాలా ఏళ్లు ఊరికే చేయించుకున్నారు. దాంతో ఉన్నవాళ్ల పిల్లలే వాషింగ్టన్ వెళ్లగలిగేవారు. 2019 ఆర్థిక సంవత్సరం బడ్జెట్‌లో మొదటిసారి ఇంటర్న్‌ల కోసం ప్రత్యేకంగా సొమ్ము కేటాయించారు: ప్రతినిధుల సభలో ఆఫీసుకు ఏడాదికి 20,000 డాలర్లు, సెనేట్‌కు మొత్తం 50 లక్షల డాలర్లు. తర్వాత అది పెరిగింది. వైట్‌హౌస్ 2022 ఫాల్‌లో ఇవ్వడం మొదలుపెట్టింది. అయినా ఈ డబ్బుతో డీసీ అద్దె పూర్తిగా గడవదు. మీ యూనివర్సిటీలో వాషింగ్టన్ స్కాలర్‌షిప్‌లు ఉంటాయి, వాటికి పోటీ తక్కువ. అప్లై చేయకుండా వదిలేసేవాళ్లే ఎక్కువ.

ఫీజు రెండుసార్లు కట్టాలా? ఫైనాన్షియల్ ఎయిడ్ వస్తుందా?

సొంత యూనివర్సిటీ నడిపే ప్రోగ్రామ్‌లో సాధారణంగా మామూలు ట్యూషనే, ఎయిడ్ కూడా వెంట వస్తుంది. వేరే సంస్థ ప్రోగ్రామ్ అయితే రెండు సంస్థల మధ్య కన్సార్షియం ఒప్పందం (అక్కడి చదువుకు ఇక్కడి ఎయిడ్ వర్తించే ఏర్పాటు) ఉందా అని ఫైనాన్షియల్ ఎయిడ్ ఆఫీసును అడగండి. ఈ మాట వాడి అడిగితే వాళ్లకు వెంటనే అర్థమవుతుంది.

ఆష్‌బర్న్‌లో మా పిన్ని వాళ్లున్నారు. అక్కడుండి వెళ్లి రావచ్చా?

రావచ్చు. 2022 నవంబర్‌లో మెట్రో సిల్వర్ లైన్ ఆష్‌బర్న్ దాకా వచ్చింది. అక్కడ ఎక్కితే రైలు మారకుండా క్యాపిటల్ సౌత్‌లో దిగొచ్చు, ప్రతినిధుల సభ ఆఫీసులు అక్కడికి నాలుగడుగులు. సెనేట్ వైపు పనైతే రెడ్ లైన్ మీద యూనియన్ స్టేషన్ దగ్గర. కానీ ఒక్కోవైపు గంటకు పైనే పడుతుంది. సాయంత్రం క్లాసు అయి ఇంటికి చేరేసరికి పది దాటుతుంది, పిన్ని అన్నం వేడి చేస్తూ కూర్చుంటుంది. మొదటి రెండు వారాలు ఓకే, తర్వాత ఇద్దరికీ ఇబ్బంది. డబ్బు కుదిరితే ప్రోగ్రామ్ వసతిలోనే ఉండి, వారాంతాలు పిన్ని ఇంటికి వెళ్లండి. తోటి విద్యార్థులతో రాత్రిళ్లు వంటగదిలో నడిచే వాదనల్లో నేర్చుకున్నది క్లాసులో నేర్చుకున్నదానికి తక్కువేం కాదు.

అమ్మాయిని ఒక్కదాన్నే పంపాలంటే భయంగా ఉంది.

భయం సహజమే. ప్రోగ్రామ్ భవనాల్లో సెక్యూరిటీ డెస్క్ ఉంటుంది, చుట్టూ తోటి విద్యార్థులుంటారు. చివరి రైలు టైము తెలుసుకోవడం, ఫోన్‌లో లొకేషన్ షేర్ చేయడం, రాత్రి ఇద్దరు ముగ్గురు కలిసి నడవడం లాంటి జాగ్రత్తలు ఏ పెద్ద నగరంలోనైనా తీసుకునేవే.

ఆఫీసులో ఎవరైనా అనుచితంగా ప్రవర్తిస్తే ఏం చేయాలో కూడా ముందే చెప్పి పంపండి. 2018 డిసెంబర్‌లో వచ్చిన చట్టసవరణతో కాంగ్రెస్‌లో జీతం లేని ఇంటర్న్‌లకు కూడా వేధింపుల నుంచి రక్షణ వర్తిస్తుంది. ఫిర్యాదు తీసుకోవడానికి కాంగ్రెస్‌కు వర్క్‌ప్లేస్ రైట్స్ ఆఫీసు విడిగా ఉంది. ప్రోగ్రామ్ డైరెక్టర్‌కూ చెప్పొచ్చు. “ఏం జరిగినా మాకు ఫోన్ చెయ్యి, చదువు పాడవుతుందని ఆలోచించకు” అని అమ్మానాన్నలు ఒక్కసారి నోరు తెరిచి అంటే చాలు, పిల్లలకు కొండంత ధైర్యం.

మా వాడు ప్యూర్ వెజిటేరియన్. తిండి సంగతేంటి?

చిన్న రైస్ కుక్కర్, రెండు పచ్చళ్లు, కందిపొడి. దీంతో సగం సమస్య తీరిపోతుంది. హెర్న్‌డన్, షాంటిలీ వైపు మన సరుకుల కొట్లు ఉన్నాయి, నెలకోసారి వెళ్తే చాలు. ఆఫీసు భవనాల క్యాఫెటీరియాల్లో సలాడ్లు, పిజ్జా దొరుకుతాయి. సాయంత్రం రిసెప్షన్లు ఉంటాయి, ఇంటర్న్‌లు చాలామంది అక్కడే కడుపు నింపుకుంటారు. సభ నైతిక నియమాల ప్రకారం రిసెప్షన్లలో చిరుతిళ్లే పెట్టాలి, కూర్చోబెట్టి భోజనం పెట్టకూడదు. దీన్ని టూత్‌పిక్ రూల్ అంటారు. అందుకే అక్కడ జున్ను ముక్కలు, పండ్లు, కూరగాయలు ఎప్పుడూ ఉంటాయి. మేరీలాండ్‌లోని లాన్‌హామ్ శివ విష్ణు ఆలయానికి న్యూ కారల్టన్ స్టేషన్‌లో దిగి క్యాబ్‌లో వెళ్లొచ్చు.

బట్టలు?

రెండు సూట్లు, అయిదు షర్టులు, మంచి కోటు. అన్నిటికంటే ముఖ్యం చెప్పులు, బూట్లు. ఆ పాలరాతి కారిడార్లలో రోజుకు మైళ్లు నడుస్తారు. అమ్మాయిలు హీల్స్ సంచిలో పెట్టుకుని మెట్రోలో మామూలు షూతో వెళ్తారు.

## ఆఫీసులో

రోజంతా ఏం చేయిస్తారు? కాఫీలు తెమ్మంటారా?

నన్ను ఎవరూ కాఫీ తెమ్మనలేదు. నా బల్ల తలుపు పక్కనే ఉండేది. ఉదయం ఫోన్లు, వాయిస్ మెయిళ్లు, ఉత్తరాలు డేటాబేస్‌లో ఎక్కించడం. నియోజకవర్గం నుంచి ఎవరైనా వస్తే క్యాపిటల్ భవనం చూపించడం, దానికి ముందే శిక్షణ ఇస్తారు. క్యాపిటల్ భవనం మీద ఎగరేసిన జెండా కావాలని జనం అడుగుతారు, ఆ ఆర్డర్ల కాగితాలు చూడడం. మధ్యాహ్నం ఏదో ఒక హియరింగ్‌కు పంపి నోట్స్ రాయించేవారు. ఏ విషయం మీదైనా నిష్పాక్షికంగా నివేదికలిచ్చే కాంగ్రెషనల్ రీసెర్చ్ సర్వీస్ ఉంది, దాని కాగితాలు చదివి లెజిస్లేటివ్ అసిస్టెంట్‌కు (బిల్లుల పని చూసే స్టాఫర్‌కు) ఒక పేజీలో కుదించి ఇచ్చేదాన్ని.

గోడ గడియారంలో చిన్న దీపాలుంటాయి. గంట రెండుసార్లు మోగి దీపాలు వెలిగాయంటే సభలో ఓటింగ్ మొదలైందన్నమాట, సాధారణంగా పదిహేను నిమిషాలు. ఆ గంట విన్న క్షణం లోపలి గదిలో మాట ఎక్కడ ఉందో అక్కడే ఆగిపోతుంది. సభ్యుడు కోటు తొడుక్కుంటూ బయటికి వస్తారు, స్టాఫర్ చేతిలో కాగితంతో పక్కనే నడుస్తూ ఏ ఓటు దేనికో చెబుతుంటాడు. మొదటి వారం ఆ గంటకు నేను ఉలిక్కిపడేదాన్ని. నెల తిరిగేసరికి ఆ గంట మోగకపోతే ఆఫీసు వెలితిగా అనిపించేది.

ఫోన్‌లో జనం తిడతారట, నిజమేనా?

నిజమే. ఎదురు చెప్పకూడదు, సభ్యుడి అభిప్రాయాన్ని మీరు ఊహించి చెప్పకూడదు. విని, పేరు, జిప్ కోడ్ రాసుకుని “మీ మాట ఆయనకు చేరుస్తాను” అనాలి. ఆ మాట నిలబెట్టుకోవాలి. బూతులు, బెదిరింపులు వస్తే మర్యాదగా చెప్పి ఫోన్ పెట్టేసి పైవాళ్లకు వెంటనే చెప్పాలి. అరిచేవాళ్లలో సగం మంది భయంతో అరుస్తారని నాకు కొన్నాళ్లకు తెలిసింది. మందుల ధర, ఇంటి లోన్, కొడుకు సైన్యంలో ఉన్నాడన్న దిగులు.

మనవాళ్ల పాస్‌పోర్ట్, వీసా పనుల్లో సాయం చేయొచ్చా?

ఆఫీసు చేస్తుంది. దీన్ని కేస్‌వర్క్ అంటారు, ఎక్కువగా నియోజకవర్గంలోని ఆఫీసులు చూస్తాయి. ప్రభుత్వ శాఖ ఆలస్యం చేస్తుంటే ఎందుకని అడగగలరు, ఫైలు కదిలించగలరు. నిర్ణయం మార్చలేరు.

ఇక్కడ నేను చేసిన ఒక పొరపాటు చెప్పాలి. ఒకరోజు తెలుగావిడ ఫోన్ చేశారు. ఊళ్లో అమ్మకు సీరియస్, పాప అమెరికా పాస్‌పోర్ట్ రెన్యువల్‌లో ఇరుక్కుంది. ఆవిడ ఇంగ్లిష్‌లో తడబడుతుంటే నేను తెలుగులో పలకరించాను, ఏడ్చేశారు. వివరాలన్నీ జాగ్రత్తగా రాసుకుని కేస్‌వర్కర్‌కు పంపాను. ప్రైవసీ ఫారం మీద సంతకం తీసుకోవాలని మాత్రం నాకు తట్టలేదు. 1974 ప్రైవసీ చట్టం ప్రకారం ఆ సంతకం లేకుండా ఏ శాఖా మనిషి ఫైలు గురించి ఆఫీసుతో మాట్లాడదు. మర్నాటి సాయంత్రానికి గానీ అది తేలలేదు. ఒక రోజు పోయింది. పాస్‌పోర్ట్ వచ్చింది, ఆవిడ వెళ్లగలిగారు, కానీ ఆ ఒక్క రోజు నన్ను చాలాకాలం వదల్లేదు. మీరు ఇంటర్న్ అయినా, సాయం అడిగేవారైనా ముందు ఆ ఫారం నింపండి.

షట్‌డౌన్ వస్తే మా ఇంటర్న్‌షిప్ ఏమవుతుంది?

ఆర్థిక సంవత్సరం అక్టోబర్ 1న మొదలవుతుంది, నిధుల బిల్లు అప్పటికి కుదరకపోతే ఆయా శాఖలు మూతపడతాయి. నేను దిగేసరికి 2018 డిసెంబర్ 22న మొదలైన 35 రోజుల షట్‌డౌన్ నడుస్తోంది. కాంగ్రెస్ నిధులు అంతకుముందే ఆమోదం పొందాయి కాబట్టి మా ఆఫీసు నడిచింది. ఫెడరల్ శాఖల్లో చేరాల్సిన నా రూమ్మేట్లిద్దరు గదిలోనే కూర్చున్నారు, స్మిత్సోనియన్ మ్యూజియంలు కూడా మూసేశారు. 2025లో అక్టోబర్ 1 నుంచి నవంబర్ 12 వరకు 43 రోజులు సాగింది, చరిత్రలో అప్పటిదాకా అంత పొడవైంది లేదు. ఫాల్‌లో ప్రభుత్వ శాఖలో చేరేవాళ్లు షట్‌డౌన్ వస్తే క్రెడిట్లు ఎలా పూర్తి చేయిస్తారో ప్రోగ్రామ్‌ను ముందే అడగాలి.

పని కాకుండా ఇంకేం చూడాలి?

లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ రీడర్ కార్డు మొదటి వారమే తీసుకోండి, ఉచితం. జెఫర్సన్ భవనంలోని ఆ గుండ్రటి రీడింగ్ రూమ్‌లో కూర్చుని చదువుకోవచ్చు. సుప్రీంకోర్టులో ఒక్క వాదనైనా వినండి. మార్చి చివర, ఏప్రిల్ మొదట్లో చెర్రీపూలు ఎలాగూ చూస్తారు. డీసీ కార్ల నంబర్ ప్లేట్లు కూడా చదవండి: ప్రాతినిధ్యం లేకుండా పన్నులు వేయడం ఆపండి అని రాసి ఉంటుంది. కాంగ్రెస్‌ను కళ్లముందు పెట్టుకున్న ఆ ఊరివాళ్లకు అందులో ఓటున్న సభ్యుడు లేడు.

## తిరిగొచ్చాక

దీనివల్ల ఉద్యోగం వస్తుందా?

నేరుగా రావాలంటే కాంగ్రెస్‌లో స్టాఫ్ అసిస్టెంట్ ఉద్యోగం, చాలామంది ఇంటర్న్‌లు అక్కడి నుంచే మొదలుపెడతారు. జీతం సాఫ్ట్‌వేర్‌తో పోల్చకండి. లా స్కూల్, పబ్లిక్ పాలసీ, జర్నలిజం, పబ్లిక్ హెల్త్ వైపు వెళ్లేవాళ్లకు అప్లికేషన్‌లో బలంగా నిలుస్తుంది. మనవాళ్లు ఈ దారిలో లేరని అనుకోకండి. హైదరాబాద్‌లో పుట్టిన అరుణా మిల్లర్ 2023 జనవరిలో మేరీలాండ్ లెఫ్టినెంట్ గవర్నర్ అయ్యారు, ఆవిడ చదివింది సివిల్ ఇంజినీరింగ్. బైడెన్ ప్రసంగాలు రాసే బృందానికి నాయకత్వం వహించిన వినయ్ రెడ్డి కుటుంబం మూలాలు కరీంనగర్ వైపు.

సిఫార్సు ఉత్తరం ఎవరిని అడగాలి? సభ్యుడినేనా?

మీ పని రోజూ చూసినవాళ్లను అడగండి. లెజిస్లేటివ్ డైరెక్టర్ మీ మెమోల గురించి రాసే రెండు పేరాలకు, సభ్యుడి లెటర్‌హెడ్ మీద వచ్చే మామూలు ఉత్తరం కంటే బరువెక్కువ. ఆఫీసు వదిలే వారంలోనే అడగాలి. స్టాఫ్ తరచుగా మారిపోతారు, ఏడాది తర్వాత ఆ బల్ల దగ్గర ఇంకెవరో ఉంటారు. అందరికీ చేత్తో రాసిన థాంక్యూ కార్డు ఇవ్వండి.

ఇండియాలో చదువుతున్న మా చెల్లికి ఇలాంటిదేమైనా ఉందా?

ఢిల్లీలో పీఆర్‌ఎస్ లెజిస్లేటివ్ రీసెర్చ్ అనే పరిశోధన సంస్థ నడిపే లాంప్ ఫెలోషిప్ ఉంది. డిగ్రీ పూర్తయిన, 25 ఏళ్లు దాటని భారతీయులు అప్లై చేయొచ్చు. వర్షాకాల సమావేశాల నుంచి బడ్జెట్ సమావేశాల చివరి దాకా ఒక ఎంపీ దగ్గర పూర్తికాలం పనిచేస్తారు: పార్లమెంటులో అడిగే ప్రశ్నలు, ప్రసంగాలకు సమాచారం, బిల్లుల మీద పరిశోధన. అది సెమిస్టర్ మధ్యలో చేసేది కాదు, డిగ్రీ తర్వాత ఏడాది పెట్టుకోవాలి. ఏ సబ్జెక్ట్ చదివినవాళ్లయినా ఫర్వాలేదు కాబట్టి చెల్లి బీటెక్ అయినా అప్లై చేయమనండి.